మంచు హాకీకి హైటెక్ సిటీ సిద్ధమేనా?

పోటీ తేవడం సులువే... మిగిలిన 51 వారాల సంగతేమిటి?

హైటెక్ సిటీ: అంతర్జాతీయ పోటీలు ఈ ప్రాంతానికి కొత్త కావు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన తర్వాత ఐటీతో పాటే క్రీడా ప్రాంగణాలూ ఇటువైపు తరలివచ్చాయి. 2002 డిసెంబరులో జాతీయ క్రీడలు, 2003లో ఆఫ్రో ఆసియా క్రీడలు, 2007లో ప్రపంచ సైనిక క్రీడలు, 2009లో ప్రపంచ బ్యాడ్మింటన్ చాంపియన్‌షిప్... ఇవన్నీ గచ్చిబౌలి చూసినవే. 2024 సెప్టెంబరులో ఇంటర్ కాంటినెంటల్ కప్ ఫుట్‌బాల్ సైతం ఇక్కడే జరిగింది. ఈ వరుసలో బాలల అంతర్జాతీయ ఐస్ హాకీ పోటీ ఒకటి చేరితే తప్పేమిటన్న ప్రశ్న తలెత్తడం సహజం. పిల్లలను స్కేటింగ్‌కు పంపే తల్లిదండ్రులు, అమెరికా, కెనడాల నుంచి తిరిగివచ్చి కొండాపూర్, నానక్‌రామ్‌గూడ పరిసరాల్లో స్థిరపడిన కుటుంబాలు ఈ ఊరిలో మంచు మైదానం ఎందుకు ఉండకూడదని అడిగితే తోసిపుచ్చడానికి కారణం కనిపించదు.

అయితే ప్రశ్నను సరిగా అడగవలసి ఉంది. హైదరాబాద్ పోటీ నిర్వహించగలదా అన్నది పెద్ద సందేహం కాదు. ముందు తేలవలసింది ఇక్కడి పిల్లలు రోజూ ఎక్కడ ఆడతారన్నదే.

చక్రాల మీదే చదువంతా

మన పిల్లలకు స్కేటింగ్ అంటే చక్రాల స్కేటింగే. ఇందిరా పార్కు రింక్‌లో, విశాఖపట్నం వుడా పార్కు రింక్‌లో తరాల తరబడి పిల్లలు ఓనమాలు దిద్దారు. హైదరాబాద్‌కు చెందిన అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్జౌ ఆసియా క్రీడల్లో రోలర్ స్కేటింగ్ విభాగంలో కాంస్య పతకాలు సాధించి, 2015లో అర్జున పురస్కారం అందుకున్నారు. 2025 జనవరిలో లేహ్‌లో జరిగిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్లో మంచుపై తెలంగాణ స్కేటర్లు పతకాలు తెచ్చారు. మంచు కురవని రాష్ట్రానికి ఇది చిన్న విషయం కాదు.

చక్రాల మీద నేర్చిన విద్య మంచు మీద చాలా వరకు అక్కరకు వస్తుంది. అక్కరకు రానిది ఒకటుంది: ఆగడం. మంచుపై వేగంగా దూసుకుపోయే ఆటగాడు రెండు బ్లేళ్లనూ ఒక్కసారిగా అడ్డం తిప్పి, మంచుపొడి చిమ్ముతూ నిలిచిపోతాడు. చక్రాలపై ఆ పని కుదరదు. ఐస్ హాకీలో ప్రతి అర నిమిషానికీ ఆగి, దిశ మార్చుకోవాలి. పక్ విషయమూ అంతే. సుమారు 170 గ్రాముల ఆ రబ్బరు బిళ్లను ఆటకు ముందు గడ్డకట్టించి వాడతారు, ఎగరకుండా జారడానికి. సిమెంటు నేలపై సాధన చేసిన పిల్లవాడు లేహ్‌కో సిమ్లాకో వెళ్లి, ఉన్న నాలుగు రోజుల్లో మొదటి రెండు రోజులూ ఆగడం నేర్చుకోవడానికే వెచ్చిస్తే, ఇక ఆట నేర్చేదెప్పుడు? ప్రయాణం, బస, కిట్టు ఖర్చు భరించేది చాలాసార్లు కుటుంబమే. పదిహేను, పదహారేళ్ల వయసులో చదువుల ఒత్తిడి మొదలుకాగానే చాలామంది స్కేట్లు అటకెక్కుతాయి.

డెహ్రాడూన్ అనుభవం

దేశంలో పూర్తి కొలతల ఇన్‌డోర్ మంచు మైదానం అనగానే గుర్తుకు వచ్చేది డెహ్రాడూన్. 2011 జనవరిలో దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం దాన్ని నిర్మించారు. 2012లో అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య ఆధ్వర్యంలోని ఆసియా ఛాలెంజ్ కప్ కూడా అక్కడే జరిగింది. ఆ తర్వాత? యంత్రాలు ఆగాయి. కరెంటు బిల్లు, నిర్వహణ భారం మోసేవారు లేక దశాబ్దానికి పైగా ఆ రింక్ మూతపడి ఉంది. 2025లో తిరిగి తెరిచి, ఆగస్టులో ఆసియా ఓపెన్ షార్ట్ ట్రాక్ స్పీడ్ స్కేటింగ్ పోటీలు నిర్వహించారు. మధ్యలో పోయిన కాలం ఒక తరం పిల్లలది.

గచ్చిబౌలికీ ఈ రకం అనుభవం లేకపోలేదు. క్రీడాకారుల వసతికి ఉద్దేశించిన 14 అంతస్తుల భవనం 2020లో కొవిడ్ ఆసుపత్రిగా మారింది. ఆపత్కాలంలో ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేం. కానీ అన్ని అంతస్తులు అంత సులువుగా దొరికాయంటే అంతకుముందు అవి ఎంత ఖాళీగా ఉన్నాయో ఊహించవచ్చు.

భారత ఐస్ హాకీ సంఘానికి అంతర్జాతీయ సమాఖ్యలో 1989 నుంచే సభ్యత్వం ఉంది. ఫిలిప్పీన్స్ చేరింది 2016లో. మరుసటి ఏడాదే కౌలాలంపూర్ ఆగ్నేయాసియా క్రీడల్లో ఆ దేశ పురుషుల జట్టు స్వర్ణం గెలిచింది. ఆ దేశంలోనూ మంచు కురవదు. ఆటగాళ్లు పెరిగింది మనీలా షాపింగ్ మాల్స్‌లోని రింక్‌లలో. అవి ఏడాది పొడవునా తెరిచే ఉంటాయి. మన మహిళల జట్టు 2017లో బ్యాంకాక్‌లో అదే ఫిలిప్పీన్స్‌ను 4-3తో ఓడించి తొలి విజయం నమోదు చేసింది. 2025లో అల్ అయిన్‌లో ఆసియా కప్ కాంస్యం గెలిచింది. ఆ జట్టుకు వెన్నెముక లద్దాఖ్ అమ్మాయిలు. చెరువులు గడ్డకట్టే రెండు నెలలే చాలాకాలం వారికి సాధన కాలం. ప్రతిభకు కొదవ లేదు, మంచుకే కొదవ.

అసలు ప్రత్యర్థి ఉక్కపోత

సాంకేతికంగా ఇది అసాధ్యమేమీ కాదు. 60 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు గల కాంక్రీటు పలకలో గొట్టాలు పరిచి, వాటిలో శీతల ద్రావణాన్ని నిరంతరం పారిస్తారు. పైన మూడు, నాలుగు సెంటీమీటర్ల మందంలో నీటిని పొరలు పొరలుగా గడ్డకట్టిస్తారు. దీనికి 60 వేల లీటర్ల నీరు కావాలి. వేసవిలో ఈ కారిడార్ అపార్టుమెంట్ల ముందు బారులు తీరే 5 వేల లీటర్ల ట్యాంకర్లతో లెక్కిస్తే పన్నెండు. భయపడవలసిన అంకె కాదు.

మే నెల ఎండ కన్నా జూలై తేమ ప్రమాదకరం. చల్లని మంచుపై తేమగాలి తాకితే పొగమంచు కమ్ముతుంది, పైకప్పు నుంచి నీటిచుక్కలు రాలి మంచుపై బుడిపెలు కడతాయి. పక్ కనిపించదు, బ్లేడు తట్టుకుంటుంది. గాలిలో తేమను లాగే యంత్రాలు రాత్రింబవళ్లు పనిచేయాలి. ఖర్చు ఇక్కడే పెరుగుతుంది. అయితే డేటా సెంటర్లను ఏడాదంతా అర నిమిషం ఆగకుండా చల్లబరిచే ఇంజినీర్లు ఉన్న ఊరికి ఈ విద్య కొత్త కాదు. 2004లో లోయర్ ట్యాంక్‌బండ్ వద్ద స్నో వరల్డ్ తెరిచిననాడే హైదరాబాద్ మంచును తయారు చేసి టికెట్టు పెట్టింది. అది వినోదానికి. ఆటకు కావలసింది అంతకు ఎన్నో రెట్ల విస్తీర్ణం.

పోటీ లెక్క

ఎనిమిది జట్లతో బాలల పోటీ అనుకుందాం. రెండు గ్రూపులుగా 12 మ్యాచ్‌లు, ఆపై సెమీఫైనల్స్, మూడో స్థానం, ఫైనల్ కలిపి 16. ఒక్కో జట్టుకు 20 మంది చొప్పున 160 మంది పిల్లలు. విరామాల్లో మంచును గీసి, వేడినీటితో పూత వేసే సమయం కలిపితే రోజుకు నాలుగైదు మ్యాచ్‌లకు మించి సాగవు. సాధనతో సహా వారం. హోటళ్లు, విమానాశ్రయం, ఔటర్ రింగ్ రోడ్డు ఉన్నాయి కనుక ఆ వారం గడిచిపోతుంది.

మిగిలిన 51 వారాలే ప్రశ్న. దీనికి జవాబు ఈ కారిడార్ జీవనశైలిలోనే ఉంది. తెల్లవారుజామున పాఠశాల పిల్లలు, సాయంత్రం టికెట్టు కొనే సందర్శకులు, అర్ధరాత్రి షిఫ్టు దిగే ఉద్యోగుల లీగ్. శీతల దేశాల్లోనూ పెద్దల జట్లకు దొరికేది రాత్రి వేళలే. రాత్రి రెండింటికి టీ దొరికే ప్రాంతంలో రింక్ ఖాళీగా ఉండనవసరం లేదు.

నమూనా కోసం దూరం పోనక్కర లేదు. 2009 ప్రపంచ బ్యాడ్మింటన్ పోటీలు ఒక వారంలో ముగిశాయి. దానికి ముందే, 2008లో, గచ్చిబౌలిలోనే మొదలైన పుల్లెల గోపీచంద్ అకాడమీ తెల్లవారకముందే దీపాలు వెలిగించింది. సైనా లండన్ కాంస్యానికి, సింధు రియో రజతానికి బాట పడింది ఆ రోజువారీ కోర్టుల్లోనే.

పూర్తి మైదానం ఒక్కసారిగా కుదరకపోతే సగం కన్నా చిన్న రింక్‌తోనైనా ఆరంభించవచ్చు. 2024లో దక్షిణ కొరియాలోని గాంగ్వన్ యువ ఒలింపిక్స్‌లో ముగ్గురేసి ఆటగాళ్లతో ఆడే ఐస్ హాకీకి పతకాలిచ్చారు. చిన్న స్థలానికి, తక్కువ మంది పిల్లలకు సరిపోయే పద్ధతి అది. ప్రభుత్వం చేయవలసిన పనులు రెండే: గచ్చిబౌలి ప్రాంగణంలో స్థలం, వాణిజ్య శ్రేణి కాక క్రీడా శ్రేణిలో విద్యుత్ ధర. నిర్వహణను ప్రైవేటు సంస్థకు అప్పగించినా, పిల్లల సాధనకు రోజుకు ఇన్ని గంటలు తక్కువ రుసుముకు ఇవ్వాలన్న షరతు ఒప్పందంలోనే రాయాలి. ఆ గంటలు కాగితంపై లేకపోతే వారాంతపు టికెట్ల రద్దీలో హాకీ కర్రలకు చోటు దొరకదు.