ఫార్ములా అనగా నియమావళి

ఫార్ములా అన్న మాట వినగానే మన విద్యార్థులకు బీజగణితమో రసాయనశాస్త్రమో స్ఫురించుట సహజము. కార్ల పందెములకు ఆ పేరెందుకు వచ్చినదని నేనును చాలాకాలము ఆశ్చర్యపడితిని. అక్కడ ఫార్ములా అనగా నియమావళి: కారు బరువెంత ఉండవలెను, ఇంజను ఎట్టిది కావలెను అన్న షరతుల సంపుటి. 1950లో ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఆరంభమైననాటి నుండి ఆ క్రీడ పేరులోనే నియమము కలదు. వేగము ఆ తరువాతి మాట.

నేడు పందెము గెలిచినవానికి 25 పాయింట్లు, రెండవవానికి 18, మూడవవానికి 15. ఇట్లు దిగుచు పదవవానికి ఒక్కటి. ఇంతవరకు నావంటి కొత్తవాడును గ్రహింపగలడు. చిక్కంతయు సేఫ్టీ కార్ వద్దనే. ప్రమాదము జరిగినప్పుడు ఆ కారు ముందు నడచును. తక్కినవన్నియు ఒకదానినొకటి దాటక దాని వెంట మెల్లగా పోవలెను. అంతవరకు కష్టించి సంపాదించిన ఆధిక్యము కరగిపోవును. తొలుత ఇది అన్యాయమనిపించినది. కాని ట్రాక్‌పై విరిగిన ముక్కలు ఏరుచున్న మనిషి ప్రాణము ముందు ఆ కొద్ది క్షణములు ఏపాటివి?

2021 డిసెంబరు 12న అబుదాబిలో ఆ సంవత్సరపు కడపటి పందెము. లూయిస్ హామిల్టన్‌కు, మాక్స్ వెర్స్టాపెన్‌కు చెరి 369.5 పాయింట్లు. (ఆ అర పాయింటుదొక వింత కథ. బెల్జియంలో వర్షము వలన సేఫ్టీ కార్ వెనుక కొద్ది చుట్లు మాత్రమే తిరిగి, సగము పాయింట్లు పంచుకొనిరి. దానిని పందెమనుటకు నాకు నోరు రాదు.) హామిల్టన్ ముందున్నాడు. 58 చుట్లలో కొద్ది మాత్రమే మిగిలియుండగా ఒక కారు గోడను ఢీకొన్నది; సేఫ్టీ కార్ వచ్చినది. వెర్స్టాపెన్ కొత్త టైర్లు వేయించుకొనెను. ఇద్దరి నడుమ ఒక చుట్టు వెనుకబడిన కార్లు ఐదు ఉన్నవి. పందెపు అధికారి ఆ ఐదింటిని మాత్రమే ముందుకు పొమ్మనెను. అట్లే వెనుకబడిన మరి మూడింటికి అనుమతి లేదు. ఆపై ఒక్క చుట్టు పందెము, వెర్స్టాపెన్ జగజ్జేత.

నియమములో “వెనుకబడిన ఏ కార్లైనను” అన్న అర్థము గల పదమున్నది. ఏ కార్లైనను అనగా అన్నియునా, అధికారి ఎన్నుకొన్న కొన్నియా? సేఫ్టీ కార్ విషయమున తుది అధికారము అధికారిదే అను మరియొక నిబంధనను ఆధారముగా గొని, ఆ రాత్రియే నిర్ణేతలు హామిల్టన్ జట్టు ఫిర్యాదును త్రోసిపుచ్చిరి. ఈ తర్కము నాకు మింగుడుపడదు. ఒక నిబంధన అధికారికి తక్కిన నిబంధనలన్నిటిని దాటు హక్కునిచ్చునేని, తక్కినవి వ్రాయుట ఎందులకు?

అందరును హామిల్టన్ కొరకే జాలిపడిరి. మూడవ స్థానమున ఉన్న కార్లోస్ సైన్జ్‌ను తలచినవారు అరుదు. అతని ముందున్న వెనుకబడిన కార్లు కదలలేదు. వెర్స్టాపెన్‌కు లభించిన అవకాశము అతనికి దక్కలేదు. నా దృష్టిలో అసలు అన్యాయమునకు తిరుగులేని సాక్ష్యము అతడే.

వెర్స్టాపెన్ తప్పేమియు చేయలేదు. అతని బిరుదును లాగుకొనవలెనన్న వాదముతో నేను ఏకీభవింపను. 2022 మార్చిలో వెలువడిన విచారణ నివేదిక మానవ తప్పిదము జరిగినదని ఒప్పుకొనుచునే, ఫలితము చెల్లునని చెప్పినది. ఆ సంవత్సరపు నియమావళిలో ఆ పదమును తొలగించి, “అన్ని కార్లు” అని స్పష్టముగా వ్రాసిరి.