ఓరుగల్లు సొత్తు, బస్తర్ వాటాలు

తాతల నాటి సొత్తు అనగానే మనకు గుర్తొచ్చేది బీరువా, దాని తాళం చెవి, ఆ పైన అన్నదమ్ముల తగువు. బస్తర్‌లో ఒక వంశం సొత్తు ఇందుకు పూర్తిగా భిన్నం. అది వాళ్లింట్లో లేదు, ఊళ్ల చేతుల్లో ఉంది.

1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనల వశమయ్యాక, ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి అడవుల్లో కొత్త రాజ్యం స్థాపించాడని బస్తర్ రాజవంశం చెప్పుకుంటుంది. 1703 నాటి దంతెవాడ శాసనంలోనూ ఈ మాటే ఉంది. నిజంగా తమ్ముడేనా అన్నది చరిత్రకారులు తేల్చుకోవాలి. కోహినూర్ కాకతీయులదేనని వాదించే ఉత్సాహం మనకెలాగూ ఉంది, ఆధారాలే బలహీనం. ఆ వంశానికి నిజంగా మిగిలింది దంతేశ్వరి కొలువు, ఏటా జగదల్‌పూర్‌లో జరిగే దసరా.

డెబ్భై అయిదు రోజుల ఆ దసరాలో రావణ దహనం లేదు. ఉన్నదల్లా పని, అందులో వాటాలు. రథం చేసే హక్కు బేడా ఉమర్‌గావ్, ఝార్ ఉమర్‌గావ్ ఊళ్లది. మిర్గాన్ కులపు బాలిక ముళ్ల ఊయలలో ఊగి, దేవి ఆనగా అనుమతిస్తేనే ఉత్సవం ముందుకు సాగుతుంది. హల్బా యువకుడొకరు తొమ్మిది రోజులు గుంటలో కూర్చుని దీక్ష పడతాడు. అక్కడ తండ్రి కొడుక్కి ఇచ్చేది ఉలి ఒక్కటే కాదు, 'ఈ పని మనది' అన్న మాట కూడా. చిత్రమేమిటంటే తాతల నాటి రథం ఒక్కటీ లేదు. ఏటా ఒకటి కొత్తగా చేయాల్సిందే. చేయడం ఆపితే సొత్తు పోయినట్టే.

అసలు ఘట్టం విజయదశమి రాత్రిది. ఆదివాసులు రథాన్ని 'దొంగిలించి' కుమ్హడాకోట్ అడవికి లాక్కుపోతారు. మర్నాడు రాజు అక్కడికి వెళ్లి, వాళ్లతో కూర్చుని కొత్త బియ్యపు అన్నం తిని, బతిమాలుకుని రథం తెచ్చుకోవాలి. రాజవంశాల ఆచారాల్లో జనం దండం పెట్టడం మామూలే. రాజు అడగాల్సి రావడం అరుదు.

1948లో సంస్థానం విలీనమైంది. 1961లో ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్‌కు కేంద్రం రాజుగా గుర్తింపు రద్దు చేసింది. 1966 మార్చి 25న సొంత కోటలోనే పోలీసు కాల్పుల్లో ఆయన, ఆయనతో పాటు పలువురు ఆదివాసులు చనిపోయారు. రాజ్యం పోయింది, బిరుదు పోయింది, రాజూ పోయాడు. అదంతా ఒక్క ఇంటి ఆస్తి అయ్యుంటే దసరా కూడా అప్పుడే ముగిసేది. ఉలి పట్టేవాళ్లు, తాడు లాగేవాళ్లు ఊళ్లలో ఉన్నారు కాబట్టి ముగియలేదు. ఇప్పుడు రథం మీద ఊరేగేది దంతేశ్వరి ఛత్రమే.

2022 జులైలో ఆ వంశీయుడు కమల్‌చంద్ర భంజ్‌దేవ్ వరంగల్ వస్తే ఘనంగా స్వాగతం పలికాం, ఊరేగించాం. మన కోటలో మిగిలినవి నాలుగు తోరణాలు. అవి ఎవరివని అడిగితే మాత్రం, పురావస్తు శాఖవి అంటాం.