హెల్మెట్ పెట్టుకొస్తే కొలువుకు పనికిరారా?

నౌకరి ప్రకటనల్ల ఒక మాట మీరంతా చూసే ఉంటరు. ‘టూవీలర్, డ్రైవింగ్ లైసెన్సు తప్పనిసరి’. సేల్స్ పిల్లలు, మెడికల్ రెప్పులు, కిస్తీలు వసూలు చేసేటోళ్లు, సర్వీస్ ఇంజనీర్లు... బండి లేనోనికి ఈ కొలువులల్ల జాగ లేదు. మంచిదే. మరి అదే బండి మీద, అదే లైసెన్సు జేబుల పెట్టుకొని ఇంటర్వ్యూకు పోతే ఏమైతున్నది? చేతిల హెల్మెట్, భుజాన తడిసిన రెయిన్‌కోటు, ప్యాంటు అంచుకు బురద చూసి రిసెప్షన్ల కూసున్నాయన అడిగే మొదటి మాట: “డెలివరీనా? ఆడ పెట్టి పో.”

2012ల డిగ్రీ పట్టా పట్టుకొని కొలువుల కోసం తిరిగినప్పుడు మమ్ముల “కొరియరా?” అన్నరు. మాట మారింది, చూపు మారలేదు. డెలివరీ పని చిన్న పనేం గాదు. పగలు ఇంటర్వ్యూలకు తిరిగి రాత్రి ఫుడ్ పార్సిళ్లు మోసే డిగ్రీ పిల్లలు హైదరాబాదుల గల్లీకొకరు దొరుకుతరు. తప్పు ఆ పనిల లేదు. బండి మీద వచ్చినోడు కుర్చీల కూసునేటోడు గాదు, గేటు కాడ నిలబడేటోడు అనుకునే బుద్ధిల ఉన్నది.

తొవ్వ సంగతి జర చూద్దాం. దిల్‌సుఖ్‌నగర్ రూములకెల్లి మాదాపూర్ ఇరవై కిలోమీటర్ల పైమాటే. పొద్దున పది గంటల ఇంటర్వ్యూ అంటే ఎనిమిదికే బయలెల్లాలె. మెట్రో ఉన్నది గదా అంటరు. 2019 నవంబర్ల రాయదుర్గం దాక వచ్చింది, కాదనం. కానీ ఘట్‌కేసర్ పిల్లగానికి, ఇబ్రహీంపట్నం ఆడపిల్లకు, పటాన్‌చెరుల కిరాయికుండేటోనికి ఇంటి ముందట ఏ మెట్రో ఉన్నది? క్యాబు మాట్లాడుకుంటే పోను రాను అయ్యే పైసలు కొలువు లేనోని వారం తిండి ఖర్చు. అందుకే బండి. బండి అంటే దుమ్ము, పొగ, చెమట. వానాకాలమైతే చెప్పే పనే లేదు. కార్ల వచ్చినాయన అంగి మడత నలగదు. బండి మీద వచ్చినాయన అంగి వీపు మీద తడిసి ఉంటది. ఇద్దరి తెలివి ఒక్కటే అయినా మార్కులు ఒక్క తీరుగ పడ్తయా?

ఆడపిల్లల బాధ ఇంకో తీరు. ఎండకు, దుమ్ముకు మొఖమంత స్కార్ఫ్ చుట్టుకొని, చేతులకు గ్లౌజులు తొడుక్కొని స్కూటీ మీద వస్తే ఎకసెక్కాలు. అవి తీసి, దువ్వుకొని, మొఖం కడుక్కుందామంటే వాష్‌రూం లోపటి ఉద్యోగులకేనట.

ఈ ఎకసెక్కాలకు పోతున్నది పరువు ఒక్కటే గాదు. జుట్టు చెదురుతదని, నొసటి మీద గీత పడ్తదని ఇంటర్వ్యూ రోజు మాత్రం హెల్మెట్ రూంల పెట్టి పోతున్న పిల్లలను మేం కండ్లార చూస్తున్నం. రోజూ పెట్టుకునేటోడే ఆ ఒక్క రోజు పెట్టుకోడు. ఆ ఒక్క రోజే ఆలస్యమైతదని బండి ఉరికిస్తడు. మనసు ఇంటర్వ్యూ మీద ఉంటది, కన్ను తొవ్వ మీద ఉండదు. కేంద్ర రవాణా శాఖ లెక్కలు చూడండి. 2022ల దేశంల రోడ్డు ప్రమాదాలల్ల 1,68,491 మంది చనిపోయిన్రు. అండ్ల 74,897 మంది టూవీలర్ల మీద పోయేటోళ్లే. హెల్మెట్ పెట్టుకోకుండ చనిపోయినోళ్లు 50,029 మంది. ఇండ్ల 14,337 మంది ఎన్క కూసున్నోళ్లు.

మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ నడిపేటోడు, ఎన్క కూసున్నోడు ఇద్దరూ హెల్మెట్ పెట్టుకోవాలె అంటది. 2019 సవరణ చట్టమైతే వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు రద్దు అని రాసింది. సర్కారు పెట్టుకోమంటది. చాలా ఆఫీసుల గేటు కాడ ‘హెల్మెట్ లేనిదే ప్రవేశం లేదు’ అని బోర్డు ఉంటది. అదే గేటు దాటి మూడో అంతస్తు ఎక్కినంక అదే హెల్మెట్ చూసి మొఖం చిట్లిస్తరు. సెక్యూరిటీ ఆయనకున్న సోయి హెచ్.ఆర్. మేడంకు లేకపాయె!

‘కస్టమర్ల ముందట నిలబడే ఉద్యోగాలు, నీట్‌గ ఉండాలె గదా’ అంటరు. ఉండాలె. నీళ్లు కారుకుంట బోర్డు ముందట కూసుంటమని ఎవ్వరూ అంటలేరు. ఐదు నిమిషాలు, ఒక అద్దం, రెయిన్‌కోటు ఆరేసుకునే జాగ ఇచ్చినంక అప్పుడు చూడండి నీట్‌గ ఉన్నడా లేడా. వానల, ట్రాఫిక్‌ల ముందుగాల బయలెల్లి, ఐ.ఎస్.ఐ. మార్కు హెల్మెట్ పెట్టుకొని, టైముకు వచ్చినోడు జాగ్రత్త తెలిసినోడు, బాధ్యత తెలిసినోడు. రేపు మీ సామాను, మీ కస్టమర్ పైసలు వాని చేతిల పెట్టేందుకు ఇంతకంటె ఏం సర్టిఫికెట్ కావాలె?

కాలేజీల ప్లేస్‌మెంట్ సెల్లులు పిల్లలకు టై కట్టుడు, చేతులు కలుపుడు నేర్పుతున్నయి. ఆ చేత్తోనే క్యాంపస్‌కు వచ్చే కంపెనీలను ఒక్క మాట అడగండి: మా పిల్లలు మీ ఆఫీసుకు వస్తే హెల్మెట్ ఏడ పెట్టాలె? ఇప్పుడైతే బండికి తగిలిస్తే దొంగలపాలు, చాయ్ డబ్బా ఆయనకు అప్పజెప్తే ఆయన దయ. ఇక ఆఫీసులల్ల పని చేస్తున్న మిత్రులారా, ఇంటర్వ్యూ బోర్డుల కూసునే అన్నలారా, అక్కలారా! మీరూ ఒకనాడు బండి మీద వచ్చినోళ్లే. రిసెప్షన్ గోడకు నాలుగు కొక్కేలు కొట్టిచ్చేందుకు ఎవని పర్మిషన్ కావాలె?