ఆక్‌లో ఒక్క లైను, అడ్రసులో ఒక్క కామా

మొన్నామధ్య ఓ క్లయింటు దగ్గర్నుంచి సీఎస్వీ ఫైలొచ్చింది. రెండు లక్షల పైచిలుకు లైన్లు. కామాల బదులు పైపులు పెట్టి, తేదీని తిరగేసి (సంవత్సరం ముందు, రోజు చివర) అవతలి సిస్టమ్‌కి పంపాలి. మా టీమ్‌లో కుర్రాడు అప్పటికే జావాలో క్లాసులు రాసేస్తున్నాడు. "దీనికంత సీన్ లేదు బాబూ" అని, ఆక్‌లో ఒక్క లైను కొట్టి పారేశాను. కాఫీ తెచ్చుకునేలోపే అయిపోయింది.

సాయంత్రం ఫోను. కొందరి బాకీ కాలమ్‌లో పిన్‌కోడ్ కూర్చుందట! ఐదొందలు కట్టాల్సినాయన ఐదు లక్షల ముప్పై వేలు బాకీ. బిల్లులింకా బయటికి వెళ్ళలేదు కాబట్టి బతికిపోయాను.

దొంగ ఎవరో మీకీపాటికి తెలిసిపోయే ఉంటుంది. "ద్వారకానగర్, విశాఖపట్నం". కొటేషన్ గుర్తుల మధ్య ఉన్న కామా డేటాలో భాగమని సీఎస్వీ రూలు. ఫీల్డ్ సెపరేటర్ కామా అని చెప్తే, ఆక్ పాపం అన్ని కామాల దగ్గరా నరికేస్తుంది. మన అడ్రసుల్లో కామాలకేం కరువు?

ఇంత జరిగినా నేను ఆక్ పక్షమే. తప్పు దానిది కాదు, లెక్క చూసుకోని నాది. ప్రతి లైనుకీ ఎన్‌ఎఫ్ విలువ ప్రింట్ చేసి, సార్ట్‌కీ, ఆపైన యూనిక్ మైనస్ సి కీ పైప్ చేస్తే చాలు. అన్ని లైన్లలోనూ పన్నెండు కాలమ్‌లే ఉంటే ఒక్క వరుసే వస్తుంది. నాకు మూడొచ్చేవి. అర నిమిషం పని, బద్ధకించాను.

అన్నట్టు, 1977లో బెల్ ల్యాబ్స్‌లో ఆక్ రాసిన ముగ్గురిలో ఒకరైన కెర్నిగన్ (ఆ పేరులో 'కె' ఆయనే) 2023 వెర్షన్లో సీఎస్వీ ఆప్షన్ పెట్టారు. అదే ఏడాది జీఆక్ 5.3లోనూ వచ్చింది. రెండు హైఫెన్లు పెట్టి సీఎస్వీ అంటే చాలు, కొటేషన్లు అదే చూసుకుంటుంది. కాకపోతే చాలా సర్వర్లలో పాత వెర్షన్లే ఉంటాయి, మా దాంట్లోనూ అంతే. అలాంటప్పుడు పైథాన్‌లో సీఎస్వీ మాడ్యూల్ వాడుకోవడం నామోషీ ఏం కాదు. సెడ్‌తో కుస్తీ పట్టి రెండు గంటలు తగలేయడం మాత్రం శుద్ధ దండగ. ఆ పనీ చేశాన్లెండి.

మర్నాడు ఆ కుర్రాడి జావా కోడ్ తెరిచి చూశాను. కొటేషన్ల సంగతి మొదటి రోజే చూసుకున్నాడు.