పాడాల్సింది గాయకుడు... పెట్టె కాదు!

కరీంనగర్, ఆదిలాబాద్ వైపు వెళ్లినప్పుడల్లా పాటల పిచ్చి ఉన్న కుర్రాళ్లు నన్నడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, టేకుతోటి స్పీకర్ డబ్బా చేపిస్తే సౌండ్ అదిరిపోతదా?"

అసలు చిక్కంతా ఆ అదరడంలోనే ఉంది తమ్ముడూ!

వీణ సంగతి వేరు. బొబ్బిలి వీణకి పనస కర్రతో తొలిచిన కుండ తీగతో పాటు పలకాలి. స్పీకర్ పెట్టె పని దానికి పూర్తిగా తలకిందులు. లోపల కోన్ ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంటే పెట్టె గోడలు కూడా అదురుతాయి. పలచని గోడ డప్పు చర్మంలా మోగుతుంది. అరలో పెట్టుకునే చిన్న స్పీకర్లలో ఈ మోత ఎక్కువగా కొన్ని వందల హెర్ట్జ్ దగ్గర పుడుతుంది. మనిషి గొంతు బలంగా ఉండేదీ అక్కడే! 1962లో 'గులేబకావళి కథ'తో మొదలుపెట్టి మన హనుమాజీపేట సినారె ఎన్ని పాటలు రాశారు! ఆ మాటలు మసకబారి వినిపిస్తే ఇంక వినడమెందుకు?

కొత్త స్పీకర్లకి వేలు తగలేసే ముందు ఓ పరీక్ష చేయండి. పాట ఆపి, పెట్టె పక్క గోడని మధ్యలో వేలి కణుపుతో తట్టండి. 'టక్'మని ఆగిపోతే మంచిదే. 'డబ్బ్...' అని సాగిందా, మందు వేయాల్సిందే.

మందులు రెండు. మొదటిది ఊతం. ఎదురెదురు గోడల మధ్య ఓ కర్రముక్కని బిగుతుగా జిగురుతో అతికించాలి. సరిగ్గా నడిమధ్యన కాదు, కాస్త పక్కకి. డప్పుని మంటకి కాస్తే శ్రుతి పెరిగినట్టే, బిగిసిన గోడ మోత కూడా పైకి జరుగుతుంది. అక్కడ దాన్ని అణచడం తేలిక. ఆ అణిచే పని రెండో మందుది: కారు తలుపుల లోపల అంటించే బరువైన బ్యూటైల్ షీట్. గోడ కదలికని అది వేడిగా మార్చి చంపేస్తుంది. దూది కూరితే చాలు కదా అంటారేమో! దూది లోపలి గాలి మోతని తగ్గిస్తుంది గానీ గోడ అదురుని ఆపదు.

ఇక టేకు మాట. 1970లలో బీబీసీ ఇంజనీర్లు బయటి ప్రసారాల వ్యాన్ల కోసం ఎల్‌ఎస్3/5ఏ అనే బుల్లి స్పీకర్ తయారుచేశారు. దాని గోడలు 12 మిల్లీమీటర్ల బర్చ్ ప్లైవుడ్, లోపల తారు జాతి పలకలు. అంతే! దానికి ఈనాటికీ అభిమానులున్నారు. కర్ర పేరు కన్నా కట్టుబడి ముఖ్యమన్నమాట. అంచేత ఆదిలాబాద్ టేకుని తలుపులకీ, పొణికి కర్రని నిర్మల్ బొమ్మలకీ వదిలేయండి.

ఒక్క హెచ్చరిక: లోపలే ఆంప్లిఫయర్ ఉండి, నేరుగా కరెంటుకి తగిలించే స్పీకర్లని విప్పకండి. వాటికి అడుగున రబ్బరు బిళ్లలు వేసి, అర అద్దాల గలగల ఆపితే చాలు. ఏ స్పీకర్‌కైనా గాలి రంధ్రం ఉంటే దాన్ని మాత్రం మూయొద్దు.

ఈసారి ఎవరైనా "మీ డబ్బా అదిరింది గురూ" అంటే పొంగిపోకండి. వెంటనే స్క్రూడ్రైవర్ అందుకోండి!