ఎవరూ మార్చని సెట్టింగే అందరి గ్రాఫునూ గీస్తుంది

కంప్యూటర్‌లో గ్రాఫు గీసే పరిశోధక విద్యార్థి ఏ రంగులు వాడాలో, అక్షం ఎక్కడ మొదలవ్వాలో, అంకెలు ఎంత పెద్దగా ఉండాలో సాధారణంగా చెప్పడు. సాఫ్ట్‌వేరే నిర్ణయిస్తుంది. ముందే అమర్చి ఉంచిన ఇలాంటి ఎంపికల్నే డిఫాల్ట్‌లు అంటారు. చాలామంది వాటి జోలికి వెళ్లరు. అందుకే డిఫాల్ట్‌లోని చిన్న లోపం ఒక ప్రయోగశాలతో ఆగదు, దేశదేశాల పరిశోధన పత్రాల్లోకి పాకుతుంది. దాన్ని సరిదిద్దడం కూడా శాస్త్రానికి చేసే సేవే. ఆ సంగతి మన విద్యాసంస్థలు ఇంకా పూర్తిగా గుర్తించవలసి ఉంది.

ఇందుకు మంచి ఉదాహరణ మ్యాట్‌ప్లాట్‌లిబ్. పైథాన్ భాషలో గ్రాఫులు గీయడానికి ప్రపంచమంతా వాడే ఓపెన్ సోర్స్ లైబ్రరీ ఇది. న్యూరోబయాలజీ పరిశోధకుడు జాన్ హంటర్ మూర్ఛ రోగుల మెదడు నుంచి వచ్చే విద్యుత్ సంకేతాలను పరిశీలించే పనిలో దీన్ని మొదలుపెట్టారు. తొలి విడుదల 2003లో జరిగింది. 2012లో ఆయన మరణించాక కూడా ఔత్సాహికుల బృందం దాన్ని నిలబెట్టింది. 2019లో ప్రపంచం చూసిన తొలి కృష్ణబిలం చిత్రం వెనుక వాడిన సాధనాల్లో ఇదీ ఒకటి.

రంగుల చిక్కు

హంటర్ తన లైబ్రరీని అప్పటికే ప్రాచుర్యంలో ఉన్న మ్యాట్‌ల్యాబ్ తరహాలో మలిచారు. దాంతోపాటు 'జెట్' అనే రంగుల క్రమం కూడా డిఫాల్ట్‌గా వచ్చి చేరింది. ఇందులో విలువ పెరిగేకొద్దీ రంగు ముదురు నీలం నుంచి లేత నీలం, పసుపుల మీదుగా ముదురు ఎరుపుకు మారుతుంది. చూడటానికి ఇంద్రధనుస్సులా ముచ్చటగా ఉంటుంది. చిక్కు వెలుగుతో వస్తుంది. విలువ నిలకడగా పెరుగుతున్నా, రంగు ప్రకాశం మధ్యదాకా పెరిగి ఆ తర్వాత తగ్గిపోతుంది. లేత నీలం, పసుపు పట్టీల దగ్గర కంటికి గీత గీసినట్టు ఒక అంచు కనిపిస్తుంది. అసలు డేటాలో అక్కడ ఏ మార్పూ ఉండకపోవచ్చు. అదే పటాన్ని నలుపు తెలుపులో జిరాక్స్ తీస్తే అత్యల్ప విలువ, అత్యధిక విలువ రెండూ ఒకేలా నల్లగా పడతాయి. వర్షపాతం పటమైతే కరవు ప్రాంతమేదో, వరద ప్రాంతమేదో తెలియదు.

ఇది అందచందాల విషయం కాదు. హార్వర్డ్ పరిశోధకులు 2011లో వైద్య విద్యార్థులకు గుండె ధమనుల చిత్రాలు చూపించి, ప్రమాదకరమైన ప్రాంతాలను గుర్తించమన్నారు. ఇంద్రధనుస్సు రంగుల త్రిమితీయ చిత్రాల్లో వారు 39 శాతమే గుర్తించగలిగారు. చిత్రాన్ని ద్విమితీయంగా మార్చి, రంగులు కూడా సరైనవి వాడితే అది 91 శాతానికి చేరింది. ఐరోపా సంతతి పురుషుల్లో దాదాపు 8 శాతం మందికి ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా కనబడదన్న సంగతి కూడా కలిపి చూస్తే, ఒక డిఫాల్ట్ ఎంతమందిని ఇబ్బందిలోకి నెడుతుందో అర్థమవుతుంది.

నాథానియల్ స్మిత్, స్టెఫాన్ వాన్ డెర్ వాల్ట్ ఈ చిక్కుకు పరిష్కారం వెతికారు. మనిషి కన్ను రంగును గ్రహించే తీరును లెక్కగట్టి, పలు నమూనాలు తయారుచేసి, 2015లో అందరి ముందు ఉంచారు. ముదురు ఊదా నుంచి ఆకుపచ్చ మీదుగా పసుపుకు, వెలుగు ఒకే తీరున పెరిగే 'విరిడిస్' అలా వచ్చింది. 2017 జనవరిలో విడుదలైన 2.0 వెర్షన్‌లో అదే డిఫాల్ట్ అయింది.

మార్పు ఖరీదు

'నడుస్తున్న బండిని ఎందుకు ఆపడం?' అన్న ప్రశ్న సహజం. డిఫాల్ట్ మారితే పాత ప్రోగ్రాం కొత్త రూపంలో బొమ్మ గీస్తుంది, పాత పత్రంలోని చిత్రంతో పోల్చడం కష్టమవుతుంది. ఈ అభ్యంతరంలో బలం ఉంది. మ్యాట్‌ప్లాట్‌లిబ్ బృందం దానికి ఇచ్చిన జవాబు అందరూ నేర్చుకోదగ్గది. రూపానికి సంబంధించిన మార్పులను తడవకొకటిగా తీసుకురాకుండా ఒకే పెద్ద వెర్షన్‌లో పెట్టింది. పాత రూపమే కావాలనేవారికి 'క్లాసిక్' శైలిని ఉంచింది. పొరుగు విలువలను కలిపి బొమ్మను నునుపు చేసే పాత పద్ధతి పోయి, ఉన్న విలువనే చూపే పద్ధతి వచ్చింది. బిందువులు అంచుకు అతుక్కుపోకుండా అక్షాల చివర కొంత ఖాళీ చేరింది. ఒక్కొక్కటీ చిన్న సవరణే, అన్నీ కలిసి గ్రాఫు నిజాయితీని పెంచాయి.

చేయవలసింది ఇంకా ఉంది. ఈ లైబ్రరీ డిఫాల్ట్ ఫాంటులో తెలుగు అక్షరాలు లేవు. తెలుగులో శీర్షిక పెడితే ఖాళీ డబ్బాలు వస్తాయి. తెలుగు ఫాంటు ఇచ్చినా, అక్షరాలను కలిపి కూర్చే ఏర్పాటు ఏళ్ల తరబడి లేకపోవడంతో 'వర్షపాతం' అన్న మాటలో షకారం ఒత్తుగా కిందకు చేరేది కాదు, విడిగా పడేది. భారతీయ లిపులన్నిటిదీ ఇదే కథ. ఒత్తు ఎక్కడ పడాలో తెలిసినవారే ఇలాంటి లోపాన్ని ముందుగా పట్టుకోగలరు. లోపం కనబడేలా నాలుగు పంక్తుల ప్రోగ్రాం రాసి పంపడం డిగ్రీ విద్యార్థికి కూడా సాధ్యమే.

అయితే ఆ విద్యార్థికి దాని వల్ల ఒరిగేదేమిటి? ప్రచురించిన పత్రాలను లెక్కపెట్టే అలవాటున్న చోట, వేలమంది వాడే సాధనంలో లోపం సరిదిద్దిన పనికి మార్కులు పడవు. ఈ లెక్క మారాలి. విశ్వవిద్యాలయాలు ప్రాజెక్టు పనిగా ఓపెన్ సోర్స్ సవరణలను అంగీకరించాలి. పరిశోధన నిధులిచ్చే సంస్థలు సాధనాల నిర్వహణకూ కొంత కేటాయించాలి. ఉచితంగా దొరికే సాధనాన్ని వాడుకుని పత్రాలు ప్రచురించే వ్యవస్థ, దాన్ని బాగుచేసేవారికి చేయగలిగిన కనీస న్యాయం ఇది.