పొరపడే డిటెక్టివు

అపరాధ పరిశోధక నవల అనగానే ముఖం చిట్లించే ఉపాధ్యాయులు తెనాలిలోనూ ఉన్నారు, బాపట్లలోనూ ఉన్నారు, రేపల్లెలోనూ ఉన్నారు. విద్యార్థి చేతిలో అటువంటి పుస్తకం కనబడితే లాక్కొని బీరువాలో పెట్టి తాళం వేయడం మన బడులలో చిరకాల సంప్రదాయం. సెలవులలో ఆ బీరువా తాళం ఎవరు తీస్తారన్నది వేరే పరిశోధన! డిటెక్టివు యుగంధరునూ, అతని సహాయకుడు రాజునూ సృష్టించి తెలుగు పాఠకులకు నిద్ర లేకుండా చేసిన కొమ్మూరి సాంబశివరావు 1926లో జన్మించినది తెనాలిలోనే అన్న సంగతి వారికి గుర్తు చేయవలసి ఉన్నది.

యుగంధరునితో నాకు పేచీ లేదు. కాని అతడు పొరపడడు. అదే అతనిలోని లోపం. నా పక్షపాతమంతా పొరపడే డిటెక్టివు మీదనే. ఈ జాతి అన్ని దేశాలలోనూ ఉన్నది. గ్రీసు దేశపు హాస్యనటుడు థనాసిస్ వేంగోస్ 1967లో జేమ్స్ బాండును వెక్కిరిస్తూ 000 నంబరు గల ‘బహిరంగ గూఢచారి’గా తెరమీదికి వచ్చాడు. చాటున మెలగవలసినవాడు అందరి కంటా పడడం, ఇంతకంటె హాస్యమేమి కావాలి?

మనకు అంతకంటె దగ్గరి ఉదాహరణ 1986 నాటి ‘చంటబ్బాయ్’. మల్లాది వెంకట కృష్ణమూర్తి నవలను జంధ్యాల చిత్రంగా తీశారు. పోరాటాల కథానాయకుడుగా పేరుపడిన చిరంజీవి అందులో పాండురంగారావు అనే డిటెక్టివు వేషం కట్టి, తన్ను చూసి జనం నవ్వడానికి ఒప్పుకొన్నారు. నిశ్చల అనే డాక్టరు తానెరుగని అన్నను వెదికిపెట్టమని అతనికి పని అప్పగిస్తుంది. ఆ అన్న మరెవరో కాదు, ఈ డిటెక్టివే అని చివరకు తేలుతుంది. తండ్రి పాత్ర ధరించినవారు మన తెనాలి ప్రాంతంలోని మోరంపూడిలో పుట్టిన జగ్గయ్య.

నేరస్థుణ్ణి వెదకబోయి తన్ను తానే పట్టుకొన్నవారిలో పాతవాడు గ్రీకు నాటకంలోని ఈడిపస్ రాజు. సోఫోక్లిస్ ఆ కథను కన్నీటిలో ముంచాడు, జంధ్యాల ఆ పోలిక గల కథను నవ్వులో ముంచారు. 2019లో వచ్చిన ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’లో నెల్లూరు డిటెక్టివు రైలుపట్టాల పక్కన శవమున్నదని విని ఉత్సాహంగా పరుగెత్తి, తానే అనుమానితుడై పోలీసులకు చిక్కుతాడు.

సినిమా గొడవ బడికెందుకు అంటారా? తరగతిలో ఒక పెన్ను పోతుంది. వెంటనే ఒక పరిశోధకుడు బయలుదేరుతాడు. అతనికి భూతద్దం అక్కరలేదు; ఎవరి చొక్కా చిరిగి ఉన్నదో చూస్తే చాలును. ఆ బాలుని సంచి నలుగురి ఎదుట బల్లమీద బోర్లిస్తారు. అట్ట ఊడిన లెక్కల పుస్తకమూ, అరిగిన పెన్సిలు ముక్కా రాలుతాయి. సాయంత్రం ఆ పెన్ను దాని సొంతదారు జామెట్రీ పెట్టెలోనే దొరుకుతుంది. క్షమాపణ చెప్పడం ఎవరికీ జ్ఞాపకం రాదు. తెరమీది డిటెక్టివు తప్పుచేస్తే నవ్వుకొని ఇంటికి పోతాము. ఈ డిటెక్టివు తప్పుచేస్తే ఆ పిల్లవాడు మరునాటినుండి బడికి రాకపోవచ్చును.

అందుచేత మన మూడు ఊళ్ల ఉపాధ్యాయులకు ఒక సూచన. బీరువాలోని పుస్తకాలు బయటికి తీయండి. పిల్లలచేత ఒక కథ వ్రాయించండి. మొదటి పేజీలోనే నేరస్థుడు దొరకాలి, చివరి పేజీలో అతడు నిర్దోషి అని తేలాలి, డిటెక్టివు వెళ్లి అతనికి క్షమాపణ చెప్పాలి. పది పేజీలు చాలును. డిటెక్టివుకు తమ మాస్టారి పేరు పెట్టవద్దని మాత్రం విద్యార్థులకు నా మనవి.